కౌంటర్-స్ట్రైక్ షూటింగ్ గేమ్‌లో దాడికి వెళ్తూ స్మోక్‌ను (పొగ గ్రెనేడ్‌ను) సైట్ (బాంబు పెట్టాల్సిన చోటు) మీద కాకుండా పక్కన ఎందుకు వేస్తారు?

డిఫెండర్లు దూరం నుంచి చూసే దారులు మూసుకుపోతే, ఎటాకర్లు ఒకేసారి తలపడాల్సిన చోట్లు తగ్గుతాయి, అందుకే. మిరాజ్ మ్యాప్‌లో ర్యాంప్ నుంచి ఎ-సైట్‌లోకి దిగేవాడిపైకి స్టెయిర్స్, జంగిల్, సీటీ అనే మూడు చోట్ల నుంచీ తూటాలొస్తాయి. ఆ మూడింటికీ స్మోక్‌లు పడితే, ఇక చూసుకోవాల్సింది ప్రధానంగా సైట్‌లో నక్కినవాళ్లనే. ఫ్లాష్ (కాసేపు కళ్లు కనబడకుండా చేసే గ్రెనేడ్) కొట్టి ఇద్దరిద్దరుగా దూరాలి: ముందువాడు పడినా, చంపినవాణ్ణి వెనకవాడు వెంటనే లేపేస్తాడు. ఆ రెండోవాడు ఆలస్యమైతే మూడు స్మోక్‌లూ దండగే.

స్మోక్ మనం దాక్కోవడానికని చాలామంది అనుకుంటారు. కానీ సైట్ నడిమధ్యలో వేస్తే పొగలోంచి బయటికొచ్చే మనవాళ్లే ముందు కనబడతారు. మూలన గురిపెట్టి కూర్చున్నవాడికి అంతకన్నా ఏం కావాలి!