నీడ దక్షిణానికి పడిందేమిటి? బడి భూగోళం, చరిత్రపై పాఠకుల సందేహాలు

ప్రశ్న: జూన్ నెలాఖరులో ఆరో తరగతి పిల్లలతో బడి ఆవరణలో కర్ర పాతించి నీడ కొలిపించాను. మిట్టమధ్యాహ్నం నీడ ఉత్తరానికి పడుతుందని ముందే చెప్పాను. తీరా చూస్తే దక్షిణానికి పడింది, పిల్లలు ఒకటే నవ్వు. పొరపాటు ఎక్కడ జరిగింది?
– ఒక ఉపాధ్యాయిని, గాజువాక

జవాబు: కొలతలో పొరపాటేమీ లేదండీ, ముందే చెప్పేసిన మాటలోనే ఉంది. నీడ ఎప్పుడూ ఉత్తరానికే పడుతుందన్న సూత్రం కర్కటరేఖకు పైనున్న ఢిల్లీ లాంటి ఊళ్లకు సరిపోతుంది. కర్కటరేఖ 23½ డిగ్రీల మీద ఉంటే విశాఖ 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందుకే సూర్యుడు ఏటా రెండుసార్లు మన నడినెత్తి మీదికి వస్తాడు. ఒకసారి మే రెండో వారంలో, మరోసారి ఆగస్టు మొదట్లో. ఈ రెంటి నడుమ మధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. బడులు తెరిచేది సరిగ్గా ఆ రోజుల్లోనే. పిల్లలు నవ్వడం మంచిదే. పుస్తకంలోని మాటకూ తమ ఊరికీ తేడా ఉందని వాళ్లే కనిపెట్టారు.

ఇదే కొలతను ఏడాదిలో మూడుసార్లు చేయించండి. మీటరు కర్రకు జూన్ 21న మధ్యాహ్నపు నీడ దక్షిణానికి సుమారు 10 సెం.మీ., సెప్టెంబరు 23 ప్రాంతంలో ఉత్తరానికి 32 సెం.మీ., డిసెంబరు 22న ఉత్తరానికి 87 సెం.మీ. వస్తుంది. ఈ మూడూ ఒకే చార్టు మీద గీస్తే రుతువుల పాఠం సగం అయిపోయినట్టే.

జూన్ కొలతను ఎక్కువగా చెడగొట్టేది కర్ర వాలు. మీటరు కర్ర పైకొన 10 సెం.మీ. ఉత్తరానికి ఒరిగిందంటే ఆ కాస్త నీడా మాయమవుతుంది. దారానికి రాయి కట్టి, కర్రకు రెండు వైపులా వేలాడదీసి నిలువు సరిచూడండి. నేల కూడా చదునుగా ఉండాలి. దిక్కుల కోసం ఫోనులోని దిక్సూచిని నమ్మకండి. డాబా మీదైతే స్లాబులోని ఇనుప చువ్వలు దాన్ని పక్కదారి పట్టిస్తాయి. కర్ర మొదలు కేంద్రంగా 40 సెం.మీ. వ్యాసార్ధంతో వృత్తం గీయించండి. జూన్‌లో నీడ కొన పదిన్నర ప్రాంతంలో ఒకచోట, ఒంటిగంటన్నర ప్రాంతంలో మరోచోట వృత్తాన్ని తాకుతుంది. ఆ రెండు చుక్కలనూ కలిపే గీత పడమర-తూర్పు. దాని మధ్యబిందువు నుంచి కర్ర మొదలుకు గీసేది ఉత్తర-దక్షిణం. మధ్యలో మబ్బు పట్టినా ఆ రెండు క్షణాల్లో ఎండ ఉంటే చాలు. వానాకాలంలో అది పెద్ద వెసులుబాటు.

ఇంకొక చిక్కు గడియారంతో వస్తుంది. పన్నెండయ్యే సరికి నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉండాలని పిల్లలు అనుకుంటారు. మన గడియారాలు కాకినాడ దగ్గరి 82½ డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి. విశాఖ దానికి కాస్త తూర్పున ఉండడంతో సూర్యుడు సుమారు మూడు నిమిషాలు ముందే మన మధ్యాహ్నరేఖకు, అంటే మన ఊరి మీదుగా పోయే ఉత్తర-దక్షిణ గీతకు, చేరతాడు. పైగా సూర్యుడి నడక ఏడాదంతా ఒక్కలా ఉండదు. నవంబరు మొదట్లో 11.40కే మిట్టమధ్యాహ్నం, ఫిబ్రవరి రెండో వారంలో 12.11 దాకా కాదు. కాబట్టి 11.30 నుంచి అయిదేసి నిమిషాలకు నీడ కొన దగ్గర చుక్క పెట్టించి, పొట్టిదాన్ని ఎంచుకోమనండి.

ప్రశ్న: మా అబ్బాయి ఏడో తరగతి. తొట్లకొండ, సింహాచలం, పోర్టు అన్నీ 'పాతకాలం' అంటాడు. శతాబ్దాలు, శక సంవత్సరాలు అసలు తలకెక్కవు. ఎలా చెప్పాలి?
– ఒక తల్లి, మధురవాడ

జవాబు: రెండున్నర మీటర్ల నైలాన్ తాడు, బట్టల క్లిప్పులు తీసుకోండి. పది సంవత్సరాలకు ఒక సెంటీమీటరు కొలత. ఎడమ కొసన క్రీ.పూ. 300 పెట్టి కుడికి రండి. తొట్లకొండ బౌద్ధారామానికి క్లిప్పు వద్దు, కొన్ని శతాబ్దాల పాటు సాగిన చోటు కాబట్టి రిబ్బను చుట్టండి. సింహాచలంలోని పాత శాసనం 1098-99 నాటిది, దానికి క్లిప్పు. శ్రీకృష్ణదేవరాయల రాకకు 1516 దగ్గర ఇంకొకటి. పోర్టు మొదలైన 1933 సింహాచలం క్లిప్పుకు సుమారు 83 సెం.మీ. దూరాన పడుతుంది. ఆ దూరాన్ని స్వయంగా టేపుతో కొలిచాక అన్నీ ఒకే 'పాతకాలం' అనడం కష్టం.

గత నూరేళ్ల సంగతులు మాత్రం ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. అల్లూరి సీతారామరాజు చింతపల్లి స్టేషను ముట్టడించిన 1922కీ, పోర్టుకూ మధ్య ఒక్క సెంటీమీటరే. వాటికి ఏడాదికొక సెంటీమీటరు లెక్కన రెండో తాడు కట్టి, తాతయ్య పుట్టిన ఏడును కూడా అందులో కలపండి.

తప్పులు మూడు చోట్ల వస్తాయి. 1098ని పదో శతాబ్దం అంటారు, అది పదకొండోది. క్రీ.పూ. అంకెలు వెనక్కి పోతాయన్నది మరిచిపోతారు. సున్నా సంవత్సరం లేదు గనుక క్రీ.పూ. 50 నుంచి క్రీ.శ. 50కి 99 ఏళ్లేనంటే ఆశ్చర్యపోతారు. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. శక ఏడాది మార్చి-ఏప్రిల్‌లో మొదలవుతుంది కనుక చివరి నెలలకు 79 కలపాలి. శాసనాలకు '1098-99' అని జంట అంకెలు వేసేది అందుకే.

తొట్లకొండకు తీసుకెళ్తే ముందు రాతిలో తొలిచిన నీటి తొట్లు చూపించండి, కొండకు ఆ పేరు వాటి వల్లే వచ్చింది. తరువాత సముద్రం వైపు తిప్పి, ఆరామం ఇక్కడే ఎందుకు కట్టారో అడగండి. అక్కడ రోమన్ నాణేలు దొరికాయన్న సంగతి మాత్రం వాడు ఏదో ఒక జవాబు చెప్పాకే బయటపెట్టండి.

ప్రశ్న: బొర్రా గుహలు ఏ జిల్లాలో ఉన్నాయి? మా పాప అట్లాసుకూ, టీచరు చెప్పినదానికీ పొంతన లేదు.
– ఒక పాఠకుడు, పెందుర్తి

జవాబు: టీచరు అల్లూరి సీతారామరాజు జిల్లా అని చెప్పి ఉంటే అదే సరైనది. 2022 ఏప్రిల్ 4న పాత విశాఖ జిల్లా నుంచి అనకాపల్లి, అల్లూరి జిల్లాలు విడిపోయాయి. అరకు, బొర్రా అల్లూరి జిల్లాలోకి వెళ్లాయి. అంతకు ముందు అచ్చయిన అట్లాసులో విశాఖ అనే ఉంటుంది. దాన్ని పారేయకండి. పలచటి ట్రేసింగ్ కాగితం మీద పాత సరిహద్దును పెన్సిలుతో, కొత్త గీతల్ని ఎర్ర పెన్నుతో గీయించండి. అయితే రెండు పటాల స్కేలు ఒకటే కాకపోతే గీతలు కలవవు, ముందు రెండింటి కింద ఉన్న స్కేలు చూసుకోమనండి.