ఆరో పేజీ గురించి

ఒంగోలు

అమ్మాయీ,

"మాస్టారూ, మొహమాటం లేకుండా చెప్పండి" అని రాశావు కాబట్టి నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి ఒక్క ఊపున అయిపోయింది. డాలస్ సూపర్ మార్కెట్ పార్కింగ్‌లో ఆ పెద్దమనిషి "మీ దేశం పో" అని అరిచినప్పుడు నీ కథలో అమ్మాయి కారు తాళం కోసం బ్యాగంతా వెతుక్కుంటుందే, తాళం తన చేతిలోనే ఉంటుందే, అక్కడ నాకు గొంతు పట్టేసింది. ఆ పేరాలో ఒక్క మాట కూడా మార్చొద్దు.

రెండోసారి పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. ఆరో పేజీలో ఆగిపోయాను. పెట్రోల్ బంకు దగ్గర "ఒక నల్లోడు" నిలబడి ఉన్నాడు. ఆమె భయపడి అద్దం ఎక్కించుకుంది. అంతే, అతను మళ్ళీ కథలో లేడు. పేరు సరే, మొహం కూడా లేదు. తనెవరో తెలియకుండానే తిట్టిన మనిషి గురించి కథ రాస్తూ, నువ్వూ ఒక మనిషిని చూడకుండా దాటిపోయావు. కావాలని చేశావనుకోను. మన ఇళ్ళల్లో ఆ మాట అంత మామూలు. పిల్లాడు తెల్లగా పుడితే దొరబాబులా ఉన్నాడంటాం, ఆడపిల్ల కాస్త రంగు తక్కువైతే సంబంధాల టెన్షన్ అప్పుడే మొదలుపెడతాం. ఆ మాటలు నోట్లో ఉంచుకునే విమానం ఎక్కుతాం.

నీ భయం అబద్ధమని అనడం లేదు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఒలేతాలో శ్రీనివాస్ కూచిభొట్లను కాల్చి చంపినవాడు ఆయన్ని ఇరాన్ మనిషనుకున్నాడు. అడ్డుపడబోయిన ఇయాన్ గ్రిల్లట్ అనే అమెరికన్ కుర్రాడికీ తూటా తగిలింది. ఆ వార్త వచ్చిన రోజు మా వీధిలో పిల్లలు అమెరికాలో ఉన్న ప్రతి ఇంట్లో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఎవరో, ఏ ఊరో, ఏ దేశమో తెలుసుకోకుండా చంపాడమ్మా. మనిషిని చూడకపోవడం అంత దూరం పోతుంది.

ఇంకొకటి. నువ్వు వెళ్ళిన దారి ఎలా పడిందో చదువు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ, అక్కడి పౌరసత్వం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. తెల్లవాళ్ళకూ ఆఫ్రికా సంతతి వాళ్ళకూ మాత్రమే ఇస్తామనే చట్టం అప్పట్లో ఉండేది. ఆయన తరఫున ఏం వాదించారో తెలుసా? తాను అగ్రకులపు ఆర్యుణ్ణి, కాబట్టి తెల్లవాళ్ళ లెక్కలోకే వస్తానని. 1923లో కోర్టు కుదరదంది. అప్పటికే పౌరసత్వం వచ్చిన మరికొందరు మనవాళ్ళకూ అది ఊడిపోయింది. పక్కవాడికన్నా నేను మెరుగు, అందుకని నన్ను రానివ్వండి అనే ఆ వాదన నీ కథలోనూ ఉంది, చూసుకో. "మేం చదువుకుని వచ్చినవాళ్ళం, పన్నులు కడతాం, వాళ్ళలా కాదు" అంటుంది నీ అమ్మాయి. ఆ "వాళ్ళు" ఎవరు?

మన ఇంజనీర్లకూ డాక్టర్లకూ తలుపు తెరిచింది 1965లో అమెరికా తెచ్చిన వలస చట్టం. అంతకుముందు, 1946 నుంచి, భారతదేశానికి ఏడాదికి 100 మంది కోటా. నల్లజాతి జనం రోడ్లెక్కి, పోలీసు కుక్కల చేత కరిపించుకుని, జైళ్ళు నింపి, రంగును బట్టి మనుషుల్ని వేరుచేసే చట్టాలను కూలదోస్తున్న రోజుల్లో వచ్చింది ఆ 1965 చట్టం. బంకు దగ్గర మనిషి తాత ఆ ఊరేగింపుల్లో నడిచాడేమో. ఇదంతా కథలో పెట్టమని కాదు. తెలిసి ఉంటే ఆ వాక్యం నీ చేత అలా రాదు.

మీ చీమకుర్తి సంగతికొస్తాను. గెలాక్సీ గ్రానైట్ క్వారీల్లో, పాలిషింగ్ ఫ్యాక్టరీల్లో ఒడిశా, బిహార్, రాజస్థాన్ నుంచి వచ్చిన వాళ్ళు పనిచేస్తున్నారు. అందరూ మనకు "హిందీవాళ్ళు". ఒడియా మాట్లాడేవాడూ హిందీవాడే. నేనూ చాలా ఏళ్ళు అలాగే రాశాను. 1978లో మద్రాసులో ఒక ఇంటాయన నన్ను "గొల్టి" అని, అంటే తెలుగువాణ్ణని ఎగతాళి చేసి, గది ఇవ్వకపోతే, ఆ మంట మీద మూడు కథలు రాసుకున్నవాణ్ణి. అలాంటి నాకు, మా ఇంటికి టైల్స్ వేసిన ఒడియా కుర్రాడి పేరు అడగడానికి పదకొండు రోజులు పట్టింది.

అతని చొక్కా జేబులో చిన్న నోట్‌బుక్ ఉండేది. సిమెంటు వేళ్ళ ముద్రలు పడి అట్ట గట్టిపడిపోయింది. ఎడమ పక్క ఒడియా మాట, కుడి పక్క అదే లిపిలో తెలుగు మాట. చదివి వినిపించమన్నాను. వరసగా చదివాడు: నీళ్ళు. ఎత్తు. పక్కన పెట్టు. తొందరగా. అన్నం. డబ్బులు. రేపు. రేపు రా. మూడేళ్ళు మన మధ్య ఉండి మన నోటి నుంచి విన్న తెలుగు అది. పేజీలన్నీ తిప్పినా "బాగున్నావా" కనపడలేదు.

అలాంటి వాళ్ళ గురించి రాసేటప్పుడు "వాళ్ళూ మనలాంటి వాళ్ళే" అని మాత్రం ముగించకు. చాలా విషయాల్లో మనలాంటి వాళ్ళు కారు. ఆవనూనె వాసనకి మీ పిన్ని మొహం చిట్లిస్తే చిట్లించిందనే రాయి. ఆ వంట చేస్తున్న మనిషిని కూడా అంతే దగ్గరికెళ్ళి చూపించు. మన లాగా లేకపోయినా అతనికి ఇక్కడ చోటుండాలి, కూలి సకాలంలో అందాలి.

నీ వీసా ఇంటర్వ్యూకి ముందు మీ అమ్మ నెల్లూరు రొట్టెల పండగకి వెళ్ళిన సంగతి నీకు గుర్తుందో లేదో. స్వర్ణాల చెరువులో మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి "విదేశీ రొట్టె" అని అడుగుతుంటే, కొడుకు దుబాయ్ వెళ్ళాడని మొక్కు తీర్చుకోవడానికి కర్ణాటక నుంచి వచ్చిన ఒక ముస్లిం ఆవిడ చేతిలో పెట్టిందట. ఆవిడ పేరు మీ అమ్మకి ఇప్పటికీ తెలుసు. మొన్న బజార్లో కలిసినప్పుడు కూడా చెప్పింది. ఈసారి ఊరొచ్చినప్పుడు అమ్మని కూర్చోబెట్టి అదంతా అడుగు.

కథ తిరగరాసి పంపు. ముందు ఆరో పేజీ రాయి. బంకు దగ్గర ఆ మనిషి చేతిలో ఏముందో, ఎవరి కోసం ఎదురుచూస్తున్నాడో నాకు తెలియాలి.

ఆశీస్సులతో,
మాస్టారు