పక్కింటి పెద్దావిడ పెట్టెలో హల్క్ 181

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, హెచ్‌-1బీ వీసా, ఏడాదికి 1,50,000 డాలర్ల జీతం. మూడేళ్లుగా పాత అమెరికన్ కామిక్స్ కొంటున్నాను. గ్రేడింగ్ చేయించి (పుస్తకం ఎంత బాగుందో ఒక సంస్థ చేత పదికి మార్కులు వేయించి) స్లాబుల్లో, అంటే సీల్ వేసిన గట్టి ప్లాస్టిక్ పెట్టెల్లో, పెట్టినవి 60 ఉన్నాయి. పెట్టింది 46,000 డాలర్లు, యాప్‌లో విలువ 71,000 చూపిస్తోంది. రెండేళ్లు 401కె (జీతంలోంచి వేసే రిటైర్‌మెంట్ పొదుపు) ఆపేసి, ఇంటి మీద 60,000 డాలర్ల హోమ్ ఈక్విటీ అప్పు తీసుకుని ఇంకా కొందామనుకుంటున్నాను. 401కెలో మా కంపెనీ జీతంలో 6 శాతం వరకు సగం కలుపుతుంది. సూపర్‌మ్యాన్ మొదటిసారి కనిపించిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక 1938లో పది సెంట్లు, 2024లో ఒక ప్రతి 60 లక్షల డాలర్లు పలికింది కదా. మా గ్రూపులో పన్నెండు మందిమి ఉన్నాం. సినిమాలోకి వస్తుందంటున్న ఒక పాత్ర తొలి సంచికలన్నీ కొనేసి, ఒకరి వేలంలో ఒకరం బిడ్ వేసుకుని ధర పెంచుదామంటున్నారు. ఇంకో సంగతి. పక్కింటి పెద్దావిడ భర్త ఈమధ్యే పోయారు. ఆయన దాచుకున్న రెండు పెట్టెల కామిక్స్ చూపించి, 'నీకు ఇవి తెలుసు కదా, ఎంతుంటాయో చెప్పు, 500 ఇచ్చినా చాలు' అన్నారు. పైపైన చూస్తేనే హల్క్ కామిక్ 181వ సంచిక కనబడింది. శనివారం చెబుతానన్నాను. కొనేయమంటారా?

జవాబు:

డబ్బు లెక్కలో చూస్తే మీ ఉత్తరంలో పెద్ద విషయం ఇంటి మీద అప్పు. కానీ శనివారం లోపు మీరు తేల్చుకోవాల్సింది పెట్టెల సంగతి. ముందు అదే చెబుతాను.

500కి కొనకండి. గరాజ్ సేల్‌లో ధర చీటీ అంటించి పెట్టిన వస్తువును ఆ ధరకే తెచ్చుకుంటే ఎవరూ తప్పుపట్టరు. అమ్మేవాళ్లకు తెలియని విలువను కొనేవాళ్లు తమంతట తాము చెప్పి తీరాలని ఇక్కడి చట్టం కూడా సాధారణంగా అడగదు. మీ సంగతి వేరు. ఆవిడ ధర చీటీ పెట్టలేదు, మీ అభిప్రాయం అడిగారు. అడిగిన దగ్గర్నుంచి మీరు ఆవిడకు సలహాదారు కూడా. సలహా అడిగిన మనిషికి తక్కువ విలువ చెప్పి ఆ వస్తువు మీరే కొనుక్కుంటే కోర్టు దాన్ని మోసంగా చూడవచ్చు. మా ఆర్థిక సలహాదారుల వృత్తిలో క్లయింటుతో ఎవరైనా ఇలా చేస్తే లైసెన్సుకే ముప్పు. కోర్టుల మాట అటుంచితే, మొన్నే భర్తను పోగొట్టుకున్న మనిషి పక్కింటి అబ్బాయిని నమ్మి పెట్టె తెరిచి చూపించారు. నాకు అంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

ఆ పుస్తకం విలువ మీకు తెలుసు. ఆవిడ కోసం, మిగతా పాఠకుల కోసం చెబుతున్నాను. 1974 నవంబర్ తేదీతో వచ్చిన ఇన్‌క్రెడిబుల్ హల్క్ 181వ సంచికలో వుల్వరిన్ అనే సూపర్‌హీరో మొదటిసారి పూర్తిగా కనిపిస్తాడు. అంతకు ముందు సంచికలో చివర్న ఒక్క బొమ్మలో తొంగిచూస్తాడంతే. 181 లోపలి పేజీలో షానా అనే పాత్ర బొమ్మతో ఒక మార్వెల్ వాల్యూ స్టాంపు (ప్రచురణ సంస్థ మార్వెల్ పేజీలోనే అచ్చువేసిన చిన్న బొమ్మ) ఉంటుంది. కత్తిరించి పుస్తకంలో అంటించుకోమని అప్పట్లో కంపెనీయే పిల్లలకు చెప్పింది, చాలామంది కత్తిరించారు కూడా. స్టాంపు పోయిన ప్రతికి ధర సగానికి పైగా పడిపోవచ్చు. స్టాంపు ఉంటే, బాగా నలిగిన ప్రతి కూడా వెయ్యి డాలర్లకు అటూఇటూగా పలుకుతుంది. శుభ్రంగా ఉంటే అనేక వేలు. పైన కనబడినది ఒక్కటే ఇంత అయితే, అడుగున ఏముందో మీకూ తెలియదు.

ఈ రంగంలో యాభై ఏళ్లుగా నడుస్తున్న వాదన ఒకటుంది. 1977లో కొలరాడోలో ఎడ్గర్ చర్చ్ అనే వృద్ధుడి ఇంట్లో 1930లు, 40ల నాటి కామిక్స్ వేల సంఖ్యలో బయటపడ్డాయి. నిన్న అచ్చయినట్టు ఉన్నాయి. ఒక యువ వ్యాపారి ఆ మొత్తాన్ని సుమారు 1,800 డాలర్లకు కొన్నాడని చెబుతారు. మైల్ హై సేకరణగా పేరుపడ్డ వాటిలో ఒక్కొక్క పుస్తకం తర్వాత వేలకు, లక్షలకు అమ్ముడుపోయింది. ఆ కుటుంబానికి న్యాయం జరిగిందా లేదా అని సేకరణకర్తలు ఇప్పటికీ తగువులాడుకుంటూనే ఉన్నారు. దాని పక్కనే 2025 నవంబర్‌లో జరిగింది పెట్టి చూడండి. కాలిఫోర్నియాలో ముగ్గురు అన్నదమ్ములకు చనిపోయిన తల్లి ఇంటి అటకమీద పాత పేపర్ల కింద సూపర్‌మ్యాన్ మొదటి సంచిక దొరికింది. వాళ్లు దాన్ని వేలం సంస్థకు చూపించారు. 91.2 లక్షల డాలర్లు పలికింది, కామిక్స్ వేలాల్లో అప్పటికి అదే రికార్డు. దొరికిన చోటు ఒకేలాంటిది. మొదట ఎవరికి చూపించారన్న దాంట్లోనే తేడా అంతా ఉంది. ఇక్కడ ఆవిడ మొదట చూపించింది మీకు.

శనివారం వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పండి. 'వీటిలో ఒకటి 500 కంటే చాలా ఎక్కువ చేస్తుంది, మిగతావి కూడా చూడాలి' అంటే చాలు. అదే మాట ఈమెయిల్‌లో కూడా పంపండి, వాళ్ల పిల్లలుంటే వాళ్లకూ కలిపి. స్టాంపు ఉందో లేదో ఆవిడ ముందే తెరిచి చూడండి. చిరుగులకు టేపు అంటించవద్దని, పెట్టెల్ని గరాజ్‌లో పెట్టవద్దని చెప్పండి. టెక్సస్ ఎండకు, తేమకు ఆ చౌక కాగితం త్వరగా గోధుమరంగుకు తిరుగుతుంది. తర్వాత ఇద్దరు డీలర్ల దగ్గర, ఒక వేలం సంస్థ దగ్గర ధర అడిగించండి. డీలర్ మామూలుగా మార్కెట్ ధరలో సగం దగ్గర మొదలుపెడతాడు, గిరాకీ ఉన్న పుస్తకానికి ఇంకొంత ఎక్కువ ఇస్తాడు. అది మోసం కాదు, అతనికీ కొట్టు అద్దె ఉంటుంది, అమ్ముడుపోని సరుకు ఉంటుంది.

మీ శ్రమకు డబ్బు తీసుకోవడంలో నాకు అభ్యంతరం లేదు. జాబితా రాయడం, గ్రేడింగ్‌కు పంపడం, అమ్మిపెట్టడం మీరు చేస్తే పది శాతం కమిషన్ అని ముందే కాగితం మీద రాసుకోండి. హల్క్ మీకే కావాలనిపిస్తే, మూడు ధరలూ ఆవిడ చేతికి వచ్చాక, వాటిలో పెద్దదానికి తగ్గకుండా ఇచ్చి కొనుక్కోండి. మీరు చేయగలిగిన ఇంకో మేలు పన్ను విషయంలో ఉంది. టెక్సస్‌ది కమ్యూనిటీ ప్రాపర్టీ చట్టం, అంటే పెళ్లయ్యాక కూడబెట్టింది మామూలుగా ఇద్దరిదీ. భార్యాభర్తల్లో ఒకరు పోతే ఉమ్మడి ఆస్తి మొత్తానికి, బతికున్నవాళ్ల సగంతో సహా, ఆ రోజు నాటి మార్కెట్ విలువే పన్ను లెక్కలో కొన్న ధర అవుతుంది. ఆయన పోయిన తేదీకి విలువ ఎంతో రాయించి పెట్టుకుంటే, ఇప్పుడు అమ్మినా ఆవిడకు పన్ను దాదాపు పడదు. ఈ సంగతి ఆవిడ అకౌంటెంటుకు చెప్పమనండి.

ఇక్కడో చిన్న మాట. తెనాలిలో మా అమ్మ పాత చందమామలన్నీ పాత పేపర్లవాడికి కిలోల లెక్కన తూచి ఇచ్చేసింది. 1950ల నాటివి కూడా అందులో ఉన్నాయి. ఇప్పటికీ గుర్తొస్తే బాధగా ఉంటుంది. కానీ వాటి విలువ ఆ పేపర్లవాడికీ తెలియదు, అతని మీద నాకు ఏ కోపమూ లేదు. తెలిసీ తూకానికి తీసుకుని ఉంటే ఇంకోలా ఉండేది.

గ్రూపు సంగతి. ఒకరి లిస్టింగ్ మీద ఒకరు కొనే ఉద్దేశం లేకుండా బిడ్ వేయడాన్ని షిల్ బిడ్డింగ్ అంటారు. వేలం సైట్లు దాన్ని నిషేధించాయి. ఆన్‌లైన్‌లో చేస్తే ఫెడరల్ వైర్ ఫ్రాడ్ (ఫోన్, ఇంటర్నెట్ వాడి చేసే మోసం) కేసు దాకా వెళ్లగలదు. స్టాక్ మార్కెట్‌కు ఉన్నట్టు కామిక్స్‌కు ప్రత్యేకమైన నియంత్రణ సంస్థ లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోరని మీ స్నేహితులు అనుకుంటున్నారేమో. మోసానికి సంబంధించిన చట్టాలు ఏ వస్తువుకైనా వర్తిస్తాయి. పైగా మీరు హెచ్‌-1బీ మీద ఉన్నారు. మోసం నేరం రుజువైతే ఇమిగ్రేషన్ చట్టం దాన్ని నైతిక పతనానికి చెందిన నేరంగా చూస్తుంది. వీసా, గ్రీన్‌కార్డు, ఇన్నేళ్ల కష్టం, అన్నిటికీ దెబ్బే. నాలుగు కామిక్స్ ధర కోసం పెళ్లాం పిల్లల్ని ఆ టెన్షన్‌లోకి లాగకండి. ఆ గ్రూపులోంచి ఈ రోజే బయటికి రండి. మీ పేరు మీద అలాంటి బిడ్ ఇప్పటికే పడి ఉంటే, ఇంకేమీ చేయకముందు లాయర్‌తో మాట్లాడండి.

ఇక మీ 71,000. యాప్ చూపించేది చివరిసారి ఎవరో అమ్మిన ధర. అది ఎనిమిది నెలల కిందటిది కావచ్చు. 2021లో లాక్‌డౌన్లు, ప్రభుత్వం పంచిన డబ్బు, సినిమా ప్రకటనలు కలిసి ధరలు ఆకాశానికి వెళ్లాయి, ఆ తర్వాత చాలా ముఖ్యమైన సంచికలే గట్టిగా దిగాయి. జాగ్రత్త కోసం యాప్ విలువలో 20 శాతం తీసేద్దాం. 56,800. సైట్ కమిషన్ సుమారు 13 శాతం, అంటే 7,384. 60 స్లాబులు జాగ్రత్తగా ప్యాక్ చేసి బీమాతో పంపడానికి ఒక్కోదానికి 20 డాలర్లు వేసుకున్నా 1,200. మీ చేతికి వచ్చేది 48,216. మూడేళ్లకు లాభం 2,216 డాలర్లు, పన్నుకు ముందు. ఏడాది దాటాక అమ్మిన సేకరణ వస్తువుల లాభానికి షేర్ల మీద ఉండే 15 శాతం రేటు దొరకదు. మీ ఆదాయ పన్ను బ్రాకెట్ రేటే పడుతుంది, గరిష్ఠంగా 28 శాతం. నా 20 శాతం తప్పు కావచ్చు. ఒక్కో పుస్తకానికి గత తొంభై రోజుల అమ్మకాలు మూడు చూసి సగటు తీయండి, సరైన అంకె మీకే తెలుస్తుంది.

401కె ఆపే ఆలోచన వదిలేయండి. మీ కంపెనీ జీతంలో 6 శాతం వరకు సగం కలుపుతుందని రాశారు. మీరు 9,000 వేస్తే కంపెనీ 4,500 ఇస్తోంది. రెండేళ్లు ఆపితే 9,000 డాలర్ల జీతాన్ని వద్దన్నట్టే. ఇంటి మీద 60,000 అప్పుకు వడ్డీ 8.5 శాతం అనుకుంటే ఏడాదికి 5,100, నెలకు 425 వడ్డీకే పోతుంది. స్లాబు మీకు నెలనెలా పైసా ఇవ్వదు. ఉద్యోగం పోతే మీ వీసాకు మామూలుగా అరవై రోజుల గడువే ఉంటుంది. అరవై రోజుల్లో 60 స్లాబులు అమ్మాల్సి వస్తే ఏ ధర వస్తుందో ఆలోచించండి.

యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక 1938లో పది సెంట్లు, 2024లో ఒక ప్రతి 60 లక్షల డాలర్లు పలికింది అని మీరు రాశారు. నిజమే. కానీ ఆ ధరకు కారణం వాటిని ఎవరూ దాచుకోకపోవడం. పిల్లలు చదివి పారేశారు, యుద్ధకాలంలో కాగితం సేకరణకు ఇచ్చేశారు, ఇప్పుడు వంద దాకా మాత్రమే మిగిలాయని అంచనా. అందరూ దాచుకుంటే ఏమవుతుందో 1990లలో తేలిపోయింది. 1991లో ఎక్స్‌-మెన్ కొత్త మొదటి సంచిక అయిదు రకాల కవర్లతో 80 లక్షల ప్రతులకు పైగా షాపులకు వెళ్లింది. 1992 నవంబర్‌లో సూపర్‌మ్యాన్ చనిపోయే 75వ సంచిక నల్ల ప్లాస్టిక్ సంచిలో సీల్ వేసి వచ్చింది, జనం క్యూలు కట్టి కొన్నారు. పిల్లల కాలేజీ ఫీజుకు పనికొస్తాయని డబ్బాలకొద్దీ దాచారు. ఆ నల్ల సంచి సీల్ విప్పనిది కూడా ఈ రోజు ముప్ఫై డాలర్లు పెడితే దొరుకుతుంది. షాపులు వేల సంఖ్యలో మూతపడ్డాయి, 1996 డిసెంబర్‌లో మార్వెల్ సంస్థే దివాలా రక్షణ కోరింది. ఇప్పటి వేరియంట్ కవర్లు కూడా అదే దారి. షాపువాడు పాతిక మామూలు ప్రతులు ఆర్డర్ చేస్తేనే ఒక ప్రత్యేక కవర్ ఇస్తారు, ఆ కొరతను ప్రచురణకర్తే తయారు చేస్తున్నాడు. మీ 60లో అలాంటివి ఎన్ని ఉన్నాయో చూడండి. గ్రేడింగ్ సంస్థ జాబితాలో 9.8 గ్రేడ్ ప్రతులు వేలల్లో ఉన్నవాటిని ముందు అమ్మేయండి.

అమ్మేటప్పుడు స్లాబు మీద సర్టిఫికెట్ నంబర్‌ను గ్రేడింగ్ సంస్థ సైట్‌లో వెతికి, అక్కడ ఫొటో ఉంటే చేతిలో ఉన్న పుస్తకంతో పోల్చండి. స్లాబులు తెరిచి లోపల తక్కువరకం ప్రతులు పెట్టిన ఉదంతం 2023 చివర్లో బయటపడింది, సంస్థ అనుమానిత నంబర్ల జాబితా విడుదల చేయాల్సి వచ్చింది. మీ దగ్గరున్న దానిలో ఏ చిన్న లోపం కనబడినా అమ్మకం ప్రకటనలోనే రాయండి. ధర కొంత తగ్గుతుంది, పర్వాలేదు.

కామిక్స్ మీకు నిజంగా ఇష్టమని ఉత్తరం చదివితే తెలుస్తోంది, మానేయమని చెప్పను. ఇష్టమైనవి పదో పన్నెండో ఉంచుకోండి. ఇంటి బీమాలో వాటిని విడిగా రాయించండి, మామూలు పాలసీ ఇలాంటివాటికి ఇచ్చేది తక్కువ. నెలకు 150 డాలర్లు అని హద్దు పెట్టుకుని, ఆ డబ్బు తిరిగి రాదనుకునే కొనండి. మిగతావి నెలకు నాలుగైదు చొప్పున అమ్మి, వచ్చిన దాంతో ముందు ఆరు నెలల ఖర్చులకు సరిపడా నిధి కట్టండి. మీ ఆవిడకు 46,000 సంగతి పూర్తిగా తెలుసా లేదా మీరు రాయలేదు. తెలియకపోతే ఆ 60 పుస్తకాల జాబితా ఇద్దరూ కలిసి కూర్చుని వేయండి. కొన్న ధర, తొంభై రోజుల సగటు, చేతికి వచ్చేది అని మూడు గడులు చాలు. అది పూర్తయ్యాక నాకు పంపండి, ఏది ముందు అమ్మాలో చూద్దాం.