ఉద్యోగం వదలకుండా పబ్లిక్ హెల్త్ లీడర్‌షిప్ శిక్షణ: ఏ కోర్సుకు డబ్బు పెట్టాలి?

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ చేశాను. ఆసిఫాబాద్ జిల్లాలో ఒక పల్లె దవాఖానలో కాంట్రాక్టు మీద ఎంఎల్‌హెచ్‌పీగా (డాక్టర్‌కూ ఏఎన్ఎంకూ మధ్య స్థాయి ఆరోగ్య సిబ్బందిగా) చేస్తున్నాను. జిల్లా ప్రోగ్రాం మేనేజర్ స్థాయికి వెళ్లాలని ఉంది. ఆన్‌లైన్‌లో లీడర్‌షిప్ కోర్సు చేస్తే పనికొస్తుందా? మా దగ్గర సిగ్నల్ అంతంత మాత్రమే.

జవాబు: పనికొస్తుంది. అయితే మీకు ముందు కావాల్సింది కాగితం మీది అర్హతా, పని చేయించే నేర్పా అన్నది తేల్చుకోండి. రెండూ ఒకే కోర్సులో దొరకడం అరుదు.

అర్హత కోసమైతే, జాతీయ ఆరోగ్య మిషన్ కింద జిల్లా మేనేజర్, కోఆర్డినేటర్ పోస్టులకు గతంలో వచ్చిన నోటిఫికేషన్లు రెండు మూడు తీసి విద్యార్హతల గడి చదవండి. అందులో ఎంపీహెచ్ (పబ్లిక్ హెల్త్‌లో పీజీ), ఎంబీఏ, పీజీ డిప్లొమా ఏది ఉంటే దానికే డబ్బు పెట్టండి. డీఎంహెచ్‌వో (జిల్లా వైద్య, ఆరోగ్య అధికారి) కుర్చీ డాక్టర్లది, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. దూరవిద్యలో డిగ్రీ తీసుకునేటట్లయితే యూజీసీ దూరవిద్యా బ్యూరో సైట్‌లో యూనివర్సిటీ పేరు కనబడితే సరిపోదు. మీరు చేరే ప్రోగ్రాంకు, ఆ సెషన్‌కు అనుమతి ఉండాలి. 2021 నాటి అలైడ్ హెల్త్‌కేర్ (వైద్య అనుబంధ వృత్తుల) చట్టం పరిధిలోకి వచ్చే కోర్సులను, సైకాలజీతో సహా, 2025 జూలై-ఆగస్టు సెషన్ నుంచి దూరవిద్యలోనూ ఆన్‌లైన్‌లోనూ నడపకూడదని యూజీసీ చెప్పేసింది. ఏజెంట్ల చేతిలో మాత్రం పాత బ్రోచర్లే తిరుగుతుంటాయి. ఢిల్లీలోని జాతీయ ఆరోగ్య, కుటుంబ సంక్షేమ సంస్థ దూరవిద్యలో నడిపే హెల్త్ మేనేజ్‌మెంట్ పీజీ డిప్లొమా చూడదగ్గదే. నర్సింగ్ వాళ్లను తీసుకుంటున్నారా, కాంటాక్ట్ తరగతులకు (నేరుగా హాజరు కావాల్సినవి) ఎన్ని రోజులు వెళ్లాలి అన్నవి ఆ ఏటి ప్రాస్పెక్టస్‌లో చూసుకుని, సెలవు దొరుకుతుందో లేదో ముందే అడగండి.

ఇక నేర్పు. లీడర్‌షిప్ కోర్సులో వీడియో పాఠాలు అన్నిటికన్నా చవకైన సరుకు. అవి ఉచితంగా ఎక్కడైనా దొరుకుతాయి. డబ్బు పెట్టదగింది మీ పనిచోటే చేసే ప్రాజెక్టుకు, దాన్ని నెలనెలా చూసి తప్పులు చెప్పే మెంటర్‌కు. దూరం నుంచి ఇది సాధ్యమేనా అంటే, 2003లో అమెరికాలోని న్యూమెక్సికోలో డాక్టర్ సంజీవ్ అరోరా మొదలుపెట్టిన ప్రాజెక్ట్ ఎకో ఉంది. హెపటైటిస్ సి (కాలేయ వ్యాధి) నిపుణులు వీడియోలో పల్లె క్లినిక్‌లతో కూర్చునేవారు. చిన్న పాఠం, మిగతా సమయమంతా పల్లె డాక్టర్లు తెచ్చిన కేసుల మీద చర్చ. ఆ పల్లె క్లినిక్‌లలో చికిత్స పొందినవాళ్లకూ యూనివర్సిటీ ఆస్పత్రికి వెళ్లినవాళ్లకూ ఫలితాలు ఒకేలా వచ్చాయని 2011లో ప్రచురించారు. మీరు చేరే కోర్సులోనూ ఇదే అడగండి: బ్యాచ్‌లో ఎందరు, నా కేసు నేను ఎన్నిసార్లు చెప్పాలి, ప్రాజెక్టు చూసేదెవరు? సూటిగా జవాబు రాకపోతే వదిలేయండి.

ప్రాజెక్టు దగ్గరే చాలామంది బోల్తా పడతారు. 'జిల్లాలో మాతృమరణాల తగ్గింపు' అని పెడతారు. అది మీ చేతిలో లేదు, ఆరు నెలల్లో మార్పూ కనబడదు. మీ పల్లె దవాఖాన బీపీ రిజిస్టర్ తీయండి. 200 మంది పేర్లుండి, ఈ నెల మందులకు 70 మంది రాలేదనుకోండి. ఆ 70 మందినీ ఆశా, ఏఎన్ఎంలతో కలిసి కారణాల వారీగా విడగొట్టండి: కూలికి ఊరు దాటినవాళ్లు, వచ్చినరోజు మాత్రలు లేక వెనుదిరిగినవాళ్లు, తగ్గిందనుకుని మానేసినవాళ్లు. ఒక్కో గుంపుకు ఒక్కో పరిష్కారం. మొదటివాళ్లకు రెండు నెలల మాత్రలు ఇవ్వొచ్చా అని మెడికల్ ఆఫీసర్‌ను ఒప్పించడం, రెండోవాళ్ల కోసం ఇండెంట్ (మందుల కోరిక పత్రం) ముందుగా పెట్టించడం, ఇవే లీడర్‌షిప్. మొదలుపెట్టేముందు అంకె రాసుకోకపోతే చివర చూపించడానికేమీ ఉండదు. మెంటర్‌కు కేసు పంపేటప్పుడు రోగి పేరు, ఫోన్ నంబరు, ఆభా (ఆరోగ్య ఖాతా) నంబరు తీసేయండి. పోర్టల్ స్క్రీన్‌షాట్ అలాగే వాట్సాప్‌లో పెట్టడం అందరూ చేసే పొరపాటు.

సిగ్నల్ బాధకు మార్గముంది. లైవ్ క్లాసులో వీడియో ఆపేసి మాట మాత్రమే పెట్టుకుంటే గంటకు 40 ఎంబీ లోపే అవుతుంది. వీడియోతో అయితే మామూలు నాణ్యతలోనే 270 ఎంబీ దాటుతుంది. స్లైడ్లు ముందురోజే పీడీఎఫ్‌లో పంపమని కోఆర్డినేటర్‌ను అడగండి. పాఠాలు మండల కేంద్రానికి వెళ్లిన రోజున డౌన్‌లోడ్ చేసుకోండి. అసైన్‌మెంట్ చివరి రాత్రికి ఉంచుకోవద్దు, సర్వర్ మొరాయించేది అప్పుడే.

డబ్బు కట్టేముందు ఒక పరీక్ష: చెన్నైలోని ఐసీఎంఆర్-ఎన్ఐఈ (జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ) వాళ్ల 'హెల్త్ రీసెర్చ్ ఫండమెంటల్స్' అనే 8 వారాల కోర్సు ఎన్‌పీటెల్‌లో (ఐఐటీలు నడిపే ఆన్‌లైన్ కోర్సుల వేదిక) ఉచితంగా వినొచ్చు. సర్టిఫికెట్ కావాలంటే ఫీజు కట్టి కేంద్రానికి వెళ్లి పరీక్ష రాయాలి. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 మార్కులు. కోర్సులో చేరడం వేరు, పరీక్షకు రిజిస్టర్ కావడం వేరు. పరీక్ష రిజిస్ట్రేషన్ గడువు దాటిపోయి సర్టిఫికెట్ పోగొట్టుకునేవాళ్లు ప్రతి సెషన్‌లోనూ ఉంటారు. డ్యూటీ చేసుకుంటూ ఆ 8 వారాలు నిలకడగా చదవగలిగితే పెద్ద కోర్సుకు దరఖాస్తు చేయండి. లేకపోతే ముందు ప్రాజెక్టే మొదలుపెట్టండి, దానికి ఎవరి అడ్మిషనూ అక్కర్లేదు.