సిబిల్ స్కోరు 592: ఏజెంటుకి 15 వేలు ఇవ్వాలా?

ప్రశ్న: నల్గొండలో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. జీతం చేతికి 38 వేలు వస్తుంది. హోమ్ లోన్‌కి వెళ్తే సిబిల్ స్కోరు 592 ఉందని తిప్పి పంపారు. 2022లో ఉద్యోగం పోయినప్పుడు క్రెడిట్ కార్డు బాకీ 48 వేలు ఉంటే 22 వేలకి సెటిల్ చేసుకున్నాను. బైక్ లోన్‌లో రెండు ఈఎంఐలు బౌన్స్ అయినా తర్వాత కట్టేశాను. నేను తీసుకోని పర్సనల్ లోన్ ఒకటి కూడా రిపోర్టులో ఉంది. 15 వేలిస్తే నెల రోజుల్లో స్కోరు 750 చేయిస్తానని ఒక ఏజెంటు అంటున్నాడు. నా దగ్గర 40 వేలున్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: ఏజెంటుకి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. రిపోర్టులో ఉన్న వివరాన్ని తనంతట తాను మార్చే వీలు, అప్పుల చరిత్ర నమోదు చేసే సంస్థ సిబిల్‌కి కూడా లేదు. అప్పిచ్చిన బ్యాంకో ఫైనాన్స్ కంపెనీయో ఒప్పుకుంటేనే మారుతుంది. ఏజెంటు చేసేదల్లా మీ లాగిన్‌తో డిస్ప్యూట్ (తప్పు సరిచేయమనే ఫిర్యాదు) పెట్టడమే, దానికి ఫీజు లేదు. ఇప్పటికే అతనికి పాన్ నంబరు, ఓటీపీ చెప్పి ఉంటే ముందు సిబిల్ లాగిన్ పాస్‌వర్డ్ మార్చి, అందులో ఉన్న ఫోన్, ఈమెయిల్ మీవేనా చూసుకోండి.

ఇంకో సంగతి. లోన్ ఆఫీసరు 592 అన్న అంకెతో ఆగడు, రిపోర్టులో ఒక్కో ఖాతా పక్కన ఏం రాసుందో చదువుతాడు. స్కోరు 750కి చేరినా కార్డు ఎదురుగా ‘సెటిల్డ్’ (మొత్తం కట్టకుండా కొంత మాఫీతో ముగించారు) అని ఉంటే ఫైలు పక్కన పెట్టే బ్యాంకులున్నాయి. కాబట్టి అంకె వెంట పడకుండా మీ మూడు ఖాతాలనూ సరిచేయించండి.

ఇలా అప్పుల చరిత్ర నమోదు చేసే క్రెడిట్ బ్యూరోలు మన దేశంలో నాలుగు: సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హై మార్క్. ఏడాదికోసారి ఒక్కోటీ పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. నాలుగూ ఒకే వారంలో తీయండి, ఒకదాంట్లో ఉన్న తప్పు ఇంకోదాంట్లో ఉండకపోవచ్చు. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. ప్రతి ఖాతా కింద నెలవారీ గళ్లు ఉంటాయి. 000 అంటే సకాలంలో కట్టారు, 034 అంటే 34 రోజులు ఆలస్యం, ఎక్స్‌ఎక్స్‌ఎక్స్ అంటే ఆ నెల వివరం అందలేదు.

తేలికైనది బైక్ లోన్, ముందు అది చూడండి. ఈఎంఐలు కట్టేసినా బౌన్స్ చార్జీలు మిగిలిపోయి ఉండొచ్చు. ఒక్కో బౌన్స్‌కి 500, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపి 590 అనుకుంటే రెండింటికీ 1,180. కొన్ని కంపెనీలు తర్వాత వచ్చిన ఈఎంఐలోంచి ముందు ఈ చార్జీలు మినహాయించుకుంటాయి. అప్పుడు ఆ నెల ఈఎంఐ పూర్తిగా కట్టనట్టే లెక్క, ఆలస్యం రోజులు నెలనెలా పెరుగుతూ పోతాయి. కంపెనీ నుంచి లోన్ అకౌంట్ స్టేట్‌మెంట్ తెప్పించుకుని, ఓవర్‌డ్యూ (గడువు దాటిన బాకీ) ఎంత చూపిస్తే అంతా కట్టి, లోన్ ముగిసి ఉంటే ఇక బాకీ ఏమీ లేదనే నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోండి. నిజంగా జరిగిన ఆ రెండు నెలల ఆలస్యం మాత్రం చెరగదు. దానిమీద డిస్ప్యూట్ పెట్టడం దండగ.

మీరు తీసుకోని లోన్ దగ్గర కొంచెం నిదానించండి. ఆన్‌లైన్ యాప్‌లో ఎప్పుడైనా ‘ఇప్పుడు కొను, తర్వాత కట్టు’ వాడారా? రిపోర్టులో యాప్ పేరు ఉండదు, దాని వెనక అప్పిచ్చిన ఫైనాన్స్ కంపెనీ పేరు ఉంటుంది. చాలామంది ‘నాది కాదు’ అనుకునేది ఇలాంటి రెండు మూడు వేల అప్పే. లోన్ తేదీ, మొత్తం చూసి, ఆ రోజుల మీ బ్యాంకు స్టేట్‌మెంట్ వెతకండి. అక్కడా ఏమీ లేకపోతే బ్యూరో సైట్‌లో ‘ఈ ఖాతా నాది కాదు’ అని డిస్ప్యూట్ పెట్టండి. అదే రోజు ఆ కంపెనీ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) ఆఫీసరుకి కూడా మెయిల్ చేసి, లోన్ అగ్రిమెంటు, డబ్బు జమైన ఖాతా వివరాలు అడగండి. మీ పాన్‌తో ఎవరో అప్పు తీసుకున్నారని తేలితే 1930కి ఫోన్ చేసి సైబర్ క్రైమ్ ఫిర్యాదు ఇచ్చి, ఆ కాపీని కూడా జతచేయండి.

డిస్ప్యూట్ పెట్టిన రోజు నుంచి 30 రోజుల్లో తేల్చాలి. అందులో అప్పిచ్చిన సంస్థకి 21 రోజులు. గడువు దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న ఆర్‌బీఐ నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అందుకే డిస్ప్యూట్ నంబరు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ దాచుకోండి. 30 రోజులైనా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా ఆర్‌బీఐ ఫిర్యాదుల సైట్ అయిన సీఎంఎస్ పోర్టల్‌లో అంబుడ్స్‌మన్‌కి (ఫిర్యాదులు విచారించే ఆర్‌బీఐ అధికారికి) ఫిర్యాదు చేయొచ్చు. బ్యూరోలు కూడా 2022 సెప్టెంబరు నుంచి అంబుడ్స్‌మన్ పరిధిలో ఉన్నాయి. సాయానికి ఫోన్ నంబరు 14448.

ఇక కార్డు, అసలు చిక్కంతా ఇక్కడే. ఖాతా ముగిశాక కొత్త నెలలు చేరవు కాబట్టి ఆ గళ్లు అక్కడే ఆగిపోతాయి, ‘సెటిల్డ్’ అన్న మాట ఏళ్ల తరబడి ఉండిపోతుంది. దాన్ని ‘క్లోజ్డ్’గా మార్పించాలంటే అప్పుడు మాఫీ అయిన 26 వేలు కట్టాలి. వడ్డీ కూడా అడగొచ్చు, బేరమాడండి. డబ్బు కట్టే ముందే బ్యాంకు నుంచి లెటర్ తీసుకోండి. కార్డు నంబరు చివరి నాలుగంకెలు, కట్టాల్సిన మొత్తం, గడువు, కట్టాక బ్యూరోలకి ‘క్లోజ్డ్’ అని, బాకీ సున్నా అని పంపుతామన్న మాట, ఈ నాలుగూ అందులో ఉండాలి. రికవరీ ఏజెంటు ఫోన్‌లో ‘మీరు కట్టండి సార్, మేం చూసుకుంటాం’ అంటే ఒప్పుకోకండి. అతని యూపీఐకి పంపకుండా, లెటర్‌లో బ్యాంకు చూపిన ఖాతాకే కట్టండి. స్టేటస్ మార్చడం కుదరదనే బ్యాంకులూ ఉన్నాయి. అలా అంటే ఆ 26 వేలు కట్టి లాభం లేదు, దాచుకోండి.

కట్టాక నెలన్నర ఆగి రిపోర్టు మళ్లీ తీయండి. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి వివరాలు పంపాలి. అయినా నో డ్యూస్ మీ చేతికి వచ్చి, బ్యూరోలో పాత మాటే మిగలడం మామూలే. అప్పుడు ఆ సర్టిఫికెట్ జతచేసి డిస్ప్యూట్ పెడితే సరిపోతుంది.

40 వేలలో 1,180, 26 వేలు పోతే 12,820 మిగులుతుంది. అది ముట్టుకోకండి, ఖర్చు ముంచుకొస్తే కావాలి. రెండు మూడు నెలలు పొదుపు చేసి 15 వేలు ఎఫ్‌డీ వేసి, దాని మీద క్రెడిట్ కార్డు తీసుకోండి. స్కోరు తక్కువున్నా ఇస్తారు. లిమిట్ 12 వేలు వస్తే నెలకి రెండు మూడు వేలే వాడండి. బిల్లు తయారయ్యే ముందే సగం కట్టేస్తే బ్యూరోకి వెళ్లే బాకీ ఇంకా తగ్గుతుంది. ఆటోపే పెట్టేటప్పుడు మినిమమ్ డ్యూ కాకుండా టోటల్ డ్యూ ఎంచుకోండి. మిగతా ఏ లోన్‌కీ, ఏ కార్డుకీ అప్లై చేయకండి, ప్రతి దరఖాస్తూ రిపోర్టులో ఎంక్వైరీగా పడుతుంది. ఇంట్లో బంగారం లోన్ మీ పేరున ఉంటే రెన్యువల్ తేదీ దాటనివ్వకండి, అదీ రిపోర్టులోకి వస్తుంది.

నా అంచనాలో హోమ్ లోన్‌కి మళ్లీ వెళ్లడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. అప్పుడు కూడా ఒక్క బ్యాంకులోనే అడగండి. మీ జీతం వేసే బ్యాంకయితే మేలు. కార్డు నో డ్యూస్, బైక్ లోన్ స్టేట్‌మెంట్, డిస్ప్యూట్ జవాబు కాపీలు దరఖాస్తుతోపాటే ఇవ్వండి, అడిగేదాకా ఆగకండి.