చంకలో బిడ్డతో బస్సెక్కే తల్లికి ఎలాంటి డైపర్ బ్యాగు కావాలి?

కర్నూలులో బ్యాంకు ఉద్యోగం, అయిదు నెలల బాబు, వారం వారం నంద్యాలలోని పుట్టింటికి బస్సు ప్రయాణం ఉన్నాయని, వీటన్నిటికీ పనికివచ్చే డైపర్ బ్యాగు, అదీ వీపుకు తగిలించుకునే రకం, ఏది కొనాలని మీరు అడిగారు. నేను అనంతపురంలో కళాశాల అధ్యాపకురాలిని. మా పాపకు ఇప్పుడు రెండేళ్లు. తాను నెలల బిడ్డగా ఉన్నప్పటి నుంచీ తాడిపత్రి, ముద్దనూరు, ఎర్రగుంట్ల మీదుగా కడపలోని మా అమ్మగారింటికి ఆర్టీసీ బస్సులోనే తీసుకువెళుతున్నాను. ఫలానా కంపెనీ బ్యాగు కొనండని చెప్పడం కన్నా, అంగడిలో దాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు ఏమేమి పరీక్షించాలో చెబితేనే మీకు ఎక్కువ మేలు జరుగుతుందని నమ్ముతున్నాను.

అన్నిటికన్నా ముందు, ఆ సంచి ఒంటి చేత్తో తెరుచుకుంటుందో లేదో చూడండి. బస్టాండులో నిలబడినప్పుడు మీ ఎడమ చేయి బిడ్డదే. మిగిలిన ఒక్క చేత్తోనే జిప్పు లాగాలి, డైపరు తీయాలి, తడి తుడుపు గుడ్డ అందుకోవాలి, మళ్లీ మూయాలి. ఇందుకు నోరు వెడల్పుగా తెరుచుకుని, లోపల సన్నని కమ్మీ ఉండటం వల్ల తెరిచిన తరువాత తెరిచినట్లే నిలబడే రకం చాలా అనువుగా ఉంటుంది. నేల మీద పెట్టినప్పుడు పక్కకు ఒరిగిపోకుండా అడుగు భాగం గట్టిగా, బల్లపరుపుగా ఉండాలి. లోపలి అస్తరు లేత రంగులో ఉంటే సాయంకాలపు బస్సులో మసక వెలుతురులో కూడా పాలపీక మూత కంటికి కనిపిస్తుంది. నల్లటి అస్తరు ఉన్న సంచిలో చిన్న వస్తువు కోసం చేత్తో తడుముకోవలసి వస్తుంది. పదిహేను, ఇరవై జేబులు ఉన్నాయని గొప్పగా రాసే ప్రకటనలకు నేను విలువ ఇవ్వను, ఎందుకంటే ఏ వస్తువు ఏ జేబులో ఉందో గుర్తులేనప్పుడు జేబులు ఎక్కువయ్యేకొద్దీ వెతుకులాట పెరుగుతుంది. డైపర్లకు ఒకటి, బట్టలకు ఒకటి, పాలకు సంబంధించిన వాటికి ఒకటి, తడిసిన వాటికి ఒకటి, మీ ఫోనుకూ డబ్బుకూ వీపు వైపున జిప్పు ఉన్న ఒక అర ఉంటే చాలు. వీపుకు ఆనుకుని ఉండే ఆ అర రద్దీలో కూడా క్షేమంగా ఉంటుంది. టీకాల వివరాలుండే తల్లీబిడ్డ సంరక్షణ కార్డును ప్లాస్టిక్ కవరులో పెట్టి నేను ఎప్పుడూ అందులోనే ఉంచుతాను.

రెండవది ఎండ. మన జిల్లాల్లో వేసవిలో నలభై డిగ్రీలు దాటడం మామూలే కాబట్టి, ఈ విషయంలో మీరు తొందరపడకూడదని గట్టిగా చెబుతున్నాను. పక్క జేబుల లోపల వెండి రంగు పొర ఉన్న బ్యాగులను పాలు పాడుకాకుండా కాపాడేవిగా అమ్ముతారు. ఆ పొర వేడిని లోపలికి నెమ్మదిగా రానిస్తుందే కాని, దానంతట అది దేన్నీ చల్లబరచదు. మీరు తల్లిపాలు పిండి తీసుకువెళ్లేటట్లయితే, గది వేడిమి దాదాపు 25 డిగ్రీలు ఉన్నచోట నాలుగు గంటల వరకు నిలువ ఉంటాయన్న సాధారణ సూచన మన వేసవి బస్సుకు వర్తించదు. గడ్డకట్టించిన ఐస్ ప్యాకులు పెట్టిన, మూత సరిగా పడే చిన్న చల్లని పెట్టెలో అయితే ఆ పాలు ఒక రోజు వరకు ఉంటాయి. అందువల్ల ఆ పెట్టె పట్టేంత చోటు సంచి లోపల ఉందో లేదో చూసుకోండి. డాక్టరు సలహా మేరకు డబ్బా పాలు పట్టేవారు ఇంట్లోనే కలిపి సీసాలో తీసుకువెళ్లడం మంచిది కాదు, ఎందుకంటే కలిపిన పాలను బయట ఉంచితే రెండు గంటల లోపు తాగించాలి, బిడ్డ తాగగా మిగిలినవి పారబోయాలి. పొడిని కొలిచి చిన్న డబ్బాలోనూ, మరిగించిన నీళ్లను స్టీలు ఫ్లాస్కులోనూ విడివిడిగా ఉంచుకోవాలి. 70 డిగ్రీలకు తగ్గని నీళ్లతోనే పొడి కలపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కలిపిన తరువాత సీసాను చల్లటి నీటిలో ఉంచి, మణికట్టు మీద ఒక చుక్క వేసి చూసి పట్టాలి. అంటే ఫ్లాస్కు నిటారుగా నిలబడే లోతైన పక్క జేబు మీ సంచికి తప్పనిసరి. మీ బాబు తల్లిపాలే తాగుతుంటే ఆరు నెలలు నిండేవరకు నీళ్లతో సహా వేరే ఏదీ పట్టవలసిన పని లేదు కాబట్టి, ఈ సామానంతా మీకు తప్పుతుంది.

తాడిపత్రి ప్రాంతంలో నాపరాళ్ల పని వల్ల, ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీల వల్ల కిటికీ పక్క సీటులో కూర్చుంటే దుమ్ము సంచి మీద పొరలా పేరుకుంటుంది. మీ దారిలో అంత లేకపోవచ్చు. అయినా పైన తాడు లాగి ముడివేసే రకం, అయస్కాంతపు గుండీ మాత్రమే ఉన్న రకం నేను వద్దనే అంటాను. చివరిదాకా జిప్పు పడి, దాని మీద గుడ్డ మడత ఉన్నదే బిడ్డ నోట్లో పెట్టుకునే వస్తువులకు తగినది. బయటి గుడ్డ గట్టి పాలిస్టరు గానీ నైలాను గానీ అయితే తడి గుడ్డతో తుడిస్తే శుభ్రపడుతుంది. రెక్సిన్ చూడటానికి బాగుంటుంది కాని, మన ఎండకు పగిలి పొట్టు రాలుతుంది.

బరువు గురించి: 20 నుంచి 25 లీటర్ల సంచి ఒక రోజు ప్రయాణానికి ధారాళంగా సరిపోతుంది. ఖాళీగా ఉన్నప్పుడే కిలో దాటేది తీసుకోకండి. విప్పితే బిడ్డకు మంచంలా మారుతుందని చెప్పే రకాలు బరువెక్కువ. పైగా పసిబిడ్డ పడుకోవడానికి గట్టిగా, సమంగా ఉండే చోటు కావాలి కాబట్టి ఆ మెత్తటి గంపలో నిద్రపుచ్చడం నాకు నచ్చదు. యూఎస్‌బీ రంధ్రం ఉన్నదని ఎక్కువ ధర పెట్టకండి. లోపల ఉండేది ఒక తీగ మాత్రమే, పవర్ బ్యాంకు మనమే పెట్టుకోవాలి.

భుజం పట్టీలు వెడల్పుగా ఉండాలి. రెండింటినీ రొమ్ము ముందు కలిపే క్లిప్పు ఉంటే బిడ్డను ఎత్తుకుని వంగినప్పుడు పట్టీ జారదు. స్కూటరు ముందరి కొక్కేనికి తగిలించే అలవాటు మన ఊళ్లలో ఎక్కువ కనుక, పైన పట్టుకునే పిడికి రెండు వరసల కుట్టు ఉన్నదో లేదో లాగి చూడండి. మోటారు సైకిలు మీద వెనుక కూర్చునేటప్పుడు పట్టీల కొసలు వేలాడి చక్రంలోకి పోకుండా లోపలికి మడిచి కుట్టించండి. సంచులు బాగుచేసేవారు ఈ పని నిమిషాల్లో చేసిపెడతారు. రంగు విషయంలో ఒక మాట. పూల బొమ్మలున్నది కాకుండా బూడిద రంగో, ముదురు నీలమో తీసుకుంటే ఇంట్లో మగవారు కూడా సంకోచం లేకుండా తగిలించుకుంటారు. మా మామగారు పాపను పార్కుకు తీసుకువెళ్లేటప్పుడు ఆ సంచి ఆయన భుజానే ఉంటుంది. బరువు ఎప్పుడూ తల్లి ఒక్కతే మోయకూడదని నా గట్టి అభిప్రాయం.

లోపల పెట్టవలసినవి తక్కువే. రెండు మూడు గంటలకు ఒక డైపరు చొప్పున లెక్కవేసి, బస్సు ఆలస్యమైతే పనికివచ్చేలా రెండు అదనంగా పెట్టండి. బ్యాగుతో పాటు వచ్చే పరుపు చాలావరకు చిన్నదిగా ఉంటుంది. దాని బదులు మందుల షాపులో దొరికే రబ్బరు షీటును కొలతకు కత్తిరించి, పైన మెత్తటి పొత్తిగుడ్డ పరిస్తే సీటు మీద నిశ్చింతగా మార్చవచ్చు. రెండు జతల బట్టలు, మీకు ఒక జాకెట్టో కుర్తానో, తడిసిన బట్టలకు జిప్పు కవరు, వాడిన డైపర్లు చుట్టడానికి పాత వార్తాపత్రికలు ఉండాలి. డైపర్లను చుట్టి విడిగా ఇవ్వాలన్నది ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల్లో కూడా ఉంది; బస్సు కిటికీలోంచి విసరకండి. ఆరు నెలలు నిండి ఉగ్గు, రాగి జావ మొదలైన తరువాత డైపర్ల చోటులో కొంత గిన్నె, చెంచా, మెడకు కట్టే గుడ్డ ఆక్రమిస్తాయి. లోపలి అడ్డుగోడలు కుట్టేసినవి కాక తీసివేయగలిగేవైతే అప్పుడు మీకు సర్దుకోవడం తేలిక.

ఆన్‌లైనులో బొమ్మ చూసి తెప్పించుకోవడం కన్నా, వీలైతే బాబును ఎత్తుకుని అంగడికి వెళ్లండి. కొనబోయే సంచిలో రెండు లీటర్ల నీళ్ల సీసా వేసి, ఒంటి చేత్తో తగిలించుకుని, దించి, జిప్పు తీసి, మూసి చూడండి. తెచ్చుకున్న తరువాత నెలకొకసారి సబ్బు నీటితో తుడిచి నీడలో ఆరబెట్టండి. మందులు, జ్వరం సిరపు లోపల ఉన్నప్పుడు దాన్ని ఎండలో నిలిపిన కారులో గానీ స్కూటరు డిక్కీలో గానీ వదిలి వెళ్లకండి.