ముందు సరిహద్దు గేట్లు రాసుకోండి

మీరు అడిగింది: విమానం ఎక్కకుండా బస్సులూ రైళ్ళ మీదే థాయ్‌లాండ్, లావోస్, వియత్నాం, కంబోడియా చుట్టి రావాలంటే ప్లాన్ ఎలా వేసుకోవాలి, ఎన్నాళ్ళ ముందు టికెట్లు కొనాలి అని.

నేను ఆర్టీసీలో కండక్టరుగా చేరి కంట్రోలరుగా రిటైరయ్యానండి. 34 ఏళ్ళు బస్సుల మధ్యే గడిచాయి. 2024 డిసెంబరు 14న నేనూ మా ఆవిడా బయల్దేరి, మలేషియాలో మొదలుపెట్టి మీరు రాసిన నాలుగు దేశాలూ తిరిగి 36వ రోజున ఇంటికొచ్చాం. కాబట్టి అనుభవం మీదే చెబుతున్నాను.

ఇంటి గుమ్మం నుంచి అసలు విమానమే ఎక్కకుండా అంటే మాత్రం ఇప్పుడు కుదరదు. మణిపూర్‌లో మోరే దాకా వెళ్ళొచ్చు, అవతల మయన్మార్‌లో తము ఊరు. 2021 ఫిబ్రవరిలో అక్కడ సైన్యం అధికారం లాక్కున్నాక ఆ దారి మనలాంటి వాళ్ళకి లేనట్టే. మోరే నుంచి థాయ్‌లాండ్‌లో మే సోత్ దాకా 1,360 కిలోమీటర్ల మూడు దేశాల హైవే అని ఎన్నో ఏళ్ళ నుంచి వింటున్నాం, ఇంకా పూర్తి కాలేదు. మా ఆవిడ తాతగారిది శ్రీకాకుళం పక్క. పని కోసం ఓడలో రంగం (రంగూన్) వెళ్ళి, 1942లో జపాను వాళ్ళ బాంబుల భయానికి అడవుల్లో పడి నడిచి వచ్చినవాళ్ళలో ఆయనొకరు. ఆయన నడిచొచ్చిన దేశం మీదుగా మనవరాలు బస్సులో పోదామంటే దారి లేదు. అది నాకు నిజంగా బాధే. సరే, మేం విశాఖలో విమానం ఎక్కి కౌలాలంపూర్‌లో దిగాం. అక్కణ్ణించి బ్యాంకాక్ దాకా, మళ్ళీ బ్యాంకాక్ చేరేదాకా అంతా నేల మీదే.

ఇక ప్లాన్ సంగతి. ఎవరిని అడిగినా ఏ ఊళ్ళో ఎన్ని రోజులు, ఏ గుడి, ఏ బీచి అనే చెబుతారు. యూట్యూబులో కుర్రాళ్ళు మరీను. ఇంత డబ్బుకే ఇన్ని దేశాలు అని పైన పెద్దక్షరాలు పెడతారు, సరిహద్దు దగ్గరికొచ్చేసరికి పాట వేసి పది సెకన్లలో దాటించేస్తారు. అసలు ప్రయాణం ఉండేది ఆ పది సెకన్లలోనే. ఊళ్ళ సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు నోటు పుస్తకంలో గేట్లు రాసుకోండి. గేటు పేరు, ఎన్ని గంటలకి తెరుస్తారు, ఎప్పుడు మూస్తారు, ఏ కాగితం అడుగుతారు, అది మూసి ఉంటే పక్క గేటు ఎంత దూరం. ఒక్కో గేటుకీ ఒక ఖాళీ రోజు, వియత్నాం గేటుకి రెండు. ఇది నేను డబ్బూ రోజులూ పోగొట్టుకుని నేర్చుకున్న లెక్క.

మొదటి గేటు, మలేషియాకీ థాయ్‌లాండ్‌కీ మధ్య ఉన్న పాదాంగ్ బెసార్ అయితే హాయి. కౌలాలంపూర్ నుంచి కరెంటు రైలు. మనం ఎప్పుడో వదిలేసిన మీటర్ గేజ్ మీదే అది 140 కిలోమీటర్ల వేగంతో పోతుంది. స్టేషన్ లోపలే మలేషియా కౌంటరు, పక్కనే థాయ్ కౌంటరు. రెండు ముద్రలూ ఒకే కప్పు కింద. గడియారం మాత్రం గంట వెనక్కి తిప్పుకోవాలి, అది మర్చిపోయి కంగారు పడేవాళ్ళని చూశాను. బ్యాంకాక్ వెళ్ళే రాత్రి రైల్లో అటెండెంటు వచ్చి సీట్లు మడిచి పరుపు వేసి, దుప్పటి పరిచి, తెర కట్టి వెళ్ళాడు. కింది బెర్తు వెడల్పు, దానికి డబ్బు కొంచెం ఎక్కువ. వయసు మీద పడ్డవాళ్ళు అక్కడ పిసినారితనం చేయకండి.

రెండోది థాయ్‌లాండ్ నుంచి లావోస్‌కి, నోంగ్ ఖాయ్ దగ్గర మెకాంగ్ నది మీద వంతెన. 1994లో కట్టారు, కిలోమీటరు పైచిలుకు పొడవు. థాయ్‌లాండ్‌లో మనలాగే ఎడమ పక్క నడుపుతారు, లావోస్‌లో కుడి పక్క. వంతెన దాటాక లావోస్ వైపు బండ్లన్నీ అటు నుంచి ఇటు మారే చోట నేను కిటికీకి అతుక్కుపోయాను. అన్నేళ్ళు ఫుట్‌బోర్డు మీద నిలబడ్డ మనిషికి బస్సు తలుపు కుడివైపు ఉండటం అంటే ఒళ్ళు ఒప్పుకోదండి. లావోస్ రాజధాని వియంటియాన్‌లో రెండు రోజులు నా కాళ్ళు తప్పు పక్కకే వెళ్ళాయి. రోడ్డు దాటేటప్పుడు జాగ్రత్త, వియత్నాం, కంబోడియాల్లో కూడా అంతే. లావోస్ వీసా అక్కడే ఇచ్చారు. డాలర్లు మడత, చిరుగు, గీత లేని కొత్త నోట్లు తీసుకెళ్ళండి. నా ముందు నిలబడ్డ ఆయన నోటు మూల చిరిగిందని వెనక్కిచ్చేశారు.

అక్కణ్ణించి లావోస్‌లోనే ఉన్న లువాంగ్ ప్రబాంగ్ ఊరికి 2021 డిసెంబరులో మొదలైన చైనా రైలెక్కాం. దేశం మొత్తం మీద ఆ లైనులో 75 సొరంగాలు. రోజంతా పట్టే ఘాట్ రోడ్డు రెండు గంటల్లో అయిపోయింది. స్టేషన్లు ఊరికి దూరం, లోపలికి వెళ్ళేటప్పుడు విమానాశ్రయంలోలాగా సోదా. మా ఆవిడ కూరగాయల చాకు అక్కడే తీసేసుకున్నారు.

ఇప్పుడు అసలు కథ. వియంటియాన్ దక్షిణ బస్టాండులో డిసెంబరు 26 సాయంత్రం వియత్నాం స్లీపర్ బస్సెక్కాం. చెప్పులు విప్పి ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని ఎక్కాలి. మూడు వరసల బెర్తులు, పైనా కిందా. నడవలో కూడా పరుపులు వేసి మనుషుల్ని పడుకోబెట్టారు. లగేజీ లెక్క, జనం లెక్క చూస్తే మన దగ్గరైతే ఆ సర్వీసుని నేను డిపో గేటు దాటనిచ్చేవాణ్ణి కాదు. రాత్రి రెండున్నరకి బస్సు ఆగిపోయింది, ఇంజను కట్టేశారు. బ్రేక్‌డౌన్ అనుకుని లేచి అద్దం తుడిచి చూస్తే ముందు ఇంకో నాలుగు బస్సులు, వాటి ముందు లారీలు, ఆపైన పొగమంచు. కొండ మీద లావోస్ వాళ్ళ నామ్ ఫావ్ గేటు. పొద్దున 7 గంటలకి గానీ తెరవరు. చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. మా ఆవిడ మంకీ క్యాపు పెట్టుకుని, నా స్వెట్టరు కూడా వేసుకుని కూర్చుంది.

ఏడింటికి లావోస్ వాళ్ళు బయటికెళ్ళే ముద్ర వేశారు. మంచులో నడుచుకుంటూ అవతల వియత్నాం వాళ్ళ కావ్ ట్రెయో గేటుకి వెళ్ళాం. ముందు నా పాస్‌పోర్టు ఇచ్చాను, ముద్ర పడింది. తర్వాత మా ఆవిడది. కౌంటర్లో అబ్బాయి ఈ-వీసా కాగితం చూసి, తల అడ్డంగా ఊపి, నా కాగితం కూడా అడిగి తీసుకుని, రెండూ పక్కపక్కన పెట్టి ఒక వరస మీద వేలు పెట్టాడు. నా దాంట్లో లోపలికొచ్చే చోటు కావ్ ట్రెయో. ఆవిడ దాంట్లో నోయ్ బాయ్, అంటే హనోయ్ విమానాశ్రయం. వియత్నాం ఈ-వీసాలో ఏ గేటు రాస్తే ఆ గేటులోంచే రావాలి. ఆ అబ్బాయి కసురుకోలేదు, లంచం అడగలేదు. ఆ వరస మీద నుంచి వేలు మాత్రం తీయలేదు.

ఆ ఫారాలు మా ఊళ్ళో ఒక ఇంటర్నెట్ సెంటర్లో చేయించాను. అక్కడి కుర్రాడు ఒకటి సరిగ్గా నింపి రెండోది తప్పు నింపాడు. కానీ ఆ కుర్రాణ్ణి ఎంతని అంటాను? కంట్రోలరుగా రోజూ వచ్చేపోయే సర్వీసుల వే బిల్లులు, అంటే కండక్టర్ల టికెట్ లెక్కల కాగితాలు చూసి సంతకం పెట్టినవాణ్ణి. నా కాగితం నాలుగుసార్లు చదువుకున్నాను. ఆవిడది మడిచి కవర్లో పెట్టానే గానీ చదవలేదు.

బస్సులో పనిచేసే మనిషి మా రెండు సంచులూ దించి రోడ్డు పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. వాళ్ళ సర్వీసు వాళ్ళది, ఆగమనడానికి లేదు. సంచి మీద కూర్చుని మా ఆవిడ అంది, "మీ కాగితం బాగానే ఉంది కదండీ, మీరు వెళ్ళిపోండి. నేను వెనక్కి పోయి విమానంలో హనోయ్ వచ్చేస్తాను." ఇంగ్లీషు రెండు ముక్కలు రాని మనిషి, దేశం కాని దేశంలో, ఆ మంచులో ఆ మాట అనేసరికి నాకు నోట మాట రాలేదు. వెళ్ళి నా పాస్‌పోర్టు మీద పడ్డ ముద్ర కూడా రద్దు చేయమన్నాను. వాళ్ళు చేశారు. అవతల లావోస్ వాళ్ళు కూడా బయటికెళ్ళిన ముద్రలు రద్దు చేసి లోపలికి రానిచ్చారు.

దగ్గర్లో ఉన్న ఊరు లాక్ సావ్. ఆ పేరుకి అర్థం 20వ కిలోమీటరు రాయి అట. అక్కడ ఒక గెస్ట్‌హౌస్‌లో దిగి, ఆ మధ్యాహ్నమే ఫోన్లో రెండు ఫారాలూ కొత్తగా నింపాను. ఒక్కో అక్షరం ఆవిడ పైకి చదివితే నేను కొట్టాను. మనిషికి 25 డాలర్లు. మూడు పనిదినాలు పడుతుందని రాశారు. ఆ రోజు శుక్రవారం. శని, ఆదివారాలు పోయాయి, జనవరి 1 సెలవు పోయింది. 2వ తేదీ సాయంత్రానికి వచ్చాయి. ఏడు రాత్రులు ఆ ఊళ్ళోనే. చుట్టూ నిట్టనిలువు సున్నపురాయి కొండలు, ఒక సంత, పొద్దుటే మంచు. అక్కడ జిగురు బియ్యం ఆవిరి మీద వండి చిన్న వెదురు బుట్టల్లో పెట్టి ఇస్తారు, చేత్తో ముద్ద చేసుకుని తినాలి. మా ఆవిడ దానికి గోంగూర పచ్చడి అద్దుకుని తింటుంటే గెస్ట్‌హౌస్ ఆవిడ చూసి ఒక వేలితో రుచి చూసింది. మర్నాటి నుంచి రోజూ బుట్ట పట్టుకుని మా గదికి వచ్చేది. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి తెలియదు, గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్ళు. నాలుగు దేశాల్లో ఏది బాగుందంటే మా ఆవిడ ఇప్పటికీ లాక్ సావ్ అనే చెబుతుంది. ప్యాకేజీలో 5 రాత్రులు 6 పగళ్ళని తీసుకెళ్ళి, పొద్దున ఆరింటికి విజిల్ వేసి లేపే వాళ్ళతో పోతే ఇలాంటిది దొరకదు. మన బంధువుల్లో చాలామంది అలా వెళ్ళొచ్చినవాళ్ళే. ఫోటోలు చూపిస్తారు గానీ ఒక్క మనిషి గురించి చెప్పలేరు.

పోయింది కూడా చెప్పాలి కదా. హనోయ్‌లో గది, హాలాంగ్ పడవ, జనవరి 1న హనోయ్ నుంచి దా నాంగ్ రైలు బెర్తులు, అన్నీ రెండు నెలల ముందే కొనేశాను. ఒక్క రూపాయి వెనక్కి రాలేదు. మనకి రైలు టికెట్ అంటే రిజర్వేషన్ తెరిచిన రోజే కొనాలన్న భయం ఒంట్లో ఉంది. మనవాళ్ళు 2024 నవంబరు నుంచి 120 రోజుల్ని 60 చేసినా ఆ భయం పోలేదు. ఇలాంటి ప్రయాణానికి ఆ అలవాటు పనికిరాదు. కాబట్టి మీ రెండో ప్రశ్నకి నా జవాబు: మీ ముందున్న గేటు దాకానే టికెట్లు కొనండి. గేటు దాటి, ముద్ర పడ్డాక, అవతల టీ తాగుతూ తర్వాతి టికెట్ కొనుక్కోండి. బ్యాంకాక్ రాత్రి రైలు కింది బెర్తు ఒక్కటి ముందే కొనండి, అవి త్వరగా అయిపోతాయి. మిగతావన్నీ దొరుకుతాయి.

3వ తేదీన అదే గేటు, అదే కౌంటరు. ఈసారి రెండు నిమిషాలు పట్టలేదు. హనోయ్ వదిలేసి, దారిలో ఉన్న విన్ ఊరి నుంచే దక్షిణానికి రైలెక్కాం. హనోయ్ నుంచి సైగాన్ (ఇప్పటి హో చి మిన్ సిటీ) దాకా 1,726 కిలోమీటర్ల లైను అది. యుద్ధంలో తెగిపోతే అతికించి 1976 డిసెంబరు 31న మళ్ళీ రైలు నడిపారు. హ్యూ దాటాక హాయ్ వాన్ కొండ ఎక్కుతుంది. దక్షిణానికి పోతుంటే ఎడమ కిటికీ పట్టుకోండి, సముద్రం కాళ్ళ కిందే ఉంటుంది.

సైగాన్ నుంచి కంబోడియా రాజధాని నామ్ పెన్ వెళ్ళే బస్సులో ఎక్కగానే బస్సు మనిషి అందరి పాస్‌పోర్టులూ వసూలు చేసి కట్టగా పట్టుకున్నాడు. అక్కడ పద్ధతే అంత, ఇచ్చేయండి. కానీ సరిహద్దులో వియత్నాం వాళ్ళ మోక్ బాయ్ గేటు దగ్గర దిగేటప్పుడు ఆ కట్ట ఎవరి చేతిలో ఉందో చూస్తూ ఉండండి. బస్సు నంబరు ఫోటో తీసి పెట్టుకోండి. కంబోడియా ఈ-వీసా మేం ముందే తీసుకున్నాం, ఈసారి రెండూ నేనే చదివాను.

కంబోడియాలో సియెం రీప్ చూసుకుని పొయిపెట్ గేటు దాటి, థాయ్‌లాండ్ వైపు అరణ్యప్రథేత్‌లో రైలెక్కి బ్యాంకాక్ చేరాం. మేం అలా దాటిన ఐదు నెలలకే, 2025 జూన్‌లో, థాయ్‌లాండ్‌కీ కంబోడియాకీ గొడవ వచ్చి సరిహద్దు గేట్లన్నీ మూసేశారు. జూలైలో కాల్పులు కూడా జరిగాయి. ఇంటర్నెట్‌లో పాత వ్యాసాలు చదివి ఆ దారి ప్లాన్‌లో పెట్టేయకండి. బయల్దేరే వారం ముందు ఆ గేటు పేరు పెట్టి వార్తలు వెతకండి. మూసి ఉంటే మీ చుట్టు తిప్పేయండి. ముందు కంబోడియాకి విమానంలో వెళ్ళి, అక్కణ్ణించి వియత్నాం, లావోస్, థాయ్‌లాండ్ మీదుగా కిందికి రావచ్చు. వియత్నాం ఫారంలో మాత్రం అప్పుడు లోపలికొచ్చే గేటు మోక్ బాయ్, బయటికెళ్ళేది కావ్ ట్రెయో అవుతుంది. మీతో వచ్చే ప్రతి మనిషి కాగితం మీదా ఆ రెండు పేర్లూ మీరే చదవండి.

మేం ఈసారి వియంటియాన్ నుంచి చైనాలో కున్‌మింగ్ దాకా రైల్లో పోదామనుకుంటున్నాం. 2023 ఏప్రిల్ నుంచి ఆ రైలు తిరుగుతోంది. లావోస్ వైపు బోటెన్‌లో ఒకసారి, అవతల చైనా వైపు మోహాన్‌లో ఒకసారి సామాన్లన్నీ దించుకుని సోదా చేయించుకోవాలి. చైనా వీసా చేతికొచ్చాకే టికెట్ సంగతి. లాక్ సావ్ ఆ దారిలో లేదు, అయినా వియంటియాన్ నుంచి పక్కకి వెళ్ళి రెండు రోజులు ఉండి రావాలని మా ఆవిడ అప్పుడే గోంగూర పచ్చడి రెండు సీసాలు విడిగా తీసి పెట్టింది.